టబ్బుకూ గోడ టైలుకూ మధ్య సందు: తెల్ల సిమెంటు నిలవడం లేదు, ఏం పెట్టాలి?

అనంతపురం_ఇల్లు: అయిదున్నర అడుగుల యాక్రిలిక్ టబ్బు. గోడ వైపు సందు ఒక చివర 4 మి.మీ., ఇంకో చివర 11 మి.మీ. తెల్ల సిమెంటు కూరితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది. తలాపు వైపు కడప బండ అరుగు. బోరు నీళ్లు. దేంతో మూయాలి?

తాడిపత్రి_మేస్త్రి: తెల్ల సిమెంటైనా గ్రౌటైనా కదలని చోట పెట్టేవన్నా. టబ్బు కదుల్తుంది. 150 లీటర్లు పడితే 150 కిలోలు, పైన మనిషి బరువు. అంచు కిందికి దిగుతుంది, నీళ్లు పోతే లేస్తుంది. సిమెంటు పగలడానికి ఒక్క మిల్లీమీటరు చాలు. అక్కడ సాగే సిలికానే పెట్టాలి.

ముందు అంచును చేత్తో గట్టిగా అదిమి చూడండి. కంటికి కనబడేంత దిగితే కాళ్లు వదులైనట్టే. రసమట్టం పెట్టి కాళ్ల నట్లు బిగించాకే మిగతా పని.

గన్_పట్టినోడు_కర్నూలు: పాత సిమెంటు, పాత సిలికాన్ పూర్తిగా తీయాలి. కొత్త సిలికాన్ పాతదాని మీద అంటదు, ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. కట్టర్ బ్లేడు టైలు వైపే ఆనించి కోయండి, టబ్బు వైపు ప్లాస్టిక్ గీకుడు ముక్క వాడండి. బోరు నీళ్ల తెల్ల పొర టైలు అంచున ఉంటే అదీ గీకేయాలి, లేకుంటే సిలికాన్ ఆ పొరను పట్టుకుని దాంతోపాటే ఊడొస్తుంది. ఆఖర్న మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడవండి. థిన్నర్ వద్దు, యాక్రిలిక్ మెరుపు చెడిపోతుంది. సందు లోపల ఒక రోజంతా ఆరనివ్వాలి.

తర్వాత టబ్బు ముప్పావు వంతు నీళ్లతో నింపండి. సందు బాగా తెరుచుకున్నప్పుడు సిలికాన్ పడితే, నీళ్లు పోయాక అది నొక్కుకుంటుందే గానీ చిరగదు. ఖాళీ టబ్బుకు పెడితే మొదటి స్నానానికే లాగుడు పడుతుంది.

11 మి.మీ. వైపు లోపల ఫోమ్ తాడు (బ్యాకర్ రాడ్) దూర్చాలి, సందు కంటే కాస్త లావుది, 13 నుంచి 15 మి.మీ. పైన 6 మి.మీ. లోతు వదలండి. ఇది సిలికాన్ ఆదా కోసం మాత్రమే కాదు: వెనక గోడక్కూడా అంటుకుంటే సిలికాన్ మూడు వైపులా బిగిసి సాగలేదు. టైలు, టబ్బు, ఈ రెండిటికే అంటాలి.

రెండు పక్కలా మాస్కింగ్ టేపు. నాజిల్ ఏటవాలుగా కోసి, ఆపకుండా ఒకే ధారగా. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి నున్నగా లాగి, పైపొర కట్టకముందే టేపు పీకేయాలి. సిలికాన్ పడని చోట సబ్బునీళ్లు తగలనివ్వకండి, అక్కడిక అంటదు. 6 × 6 మి.మీ. ధారైతే 280 మి.లీ. ట్యూబు ఏడున్నర మీటర్లకు పైగా వస్తుంది. మీకు ఒకటి చాలు.

నల్లబండ_కడప: అరుగు దగ్గర జాగ్రత్త. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదుల్తుంది. కడప బండ సున్నపురాయి. ఒక్క చుక్క వెనిగర్ వేసి చూడండి, నల్ల మెరుపు పోయి బూడిదరంగు మచ్చ మిగుల్తుంది. సిలికాన్ కిందా అదే జరిగి పట్టు వదిలేస్తుంది. తాడిపత్రి బండకూ, బేతంచెర్ల బండకూ ఇదే లెక్క. ట్యూబు మీద ‘న్యూట్రల్’ అనీ, ఫంగస్ పట్టదనీ ఉన్నదే అడిగి తీసుకోండి. బాత్రూం కడిగే యాసిడ్ ఆ అరుగు దరిదాపులకు రానీయొద్దు.

అనంతపురం_ఇల్లు: 11 మి.మీ. వైపు పీవీసీ బీడింగ్ అంటిస్తే సరిపోదా? నీళ్లు ఎప్పుడు వదలాలి?

తాడిపత్రి_మేస్త్రి: బీడింగ్ పైన మూతే. కింద సిలికాన్ లేకుంటే నీళ్లు దాని వెనక నిలిచి నల్ల బూజు పడుతుంది. రెండూ పెట్టుకోవచ్చు.

గన్_పట్టినోడు_కర్నూలు: రోజుకు రెండు మూడు మి.మీ. లోతే గట్టిపడుతుంది కాబట్టి మూడు రోజులు నీళ్లు కదపొద్దు, స్నానం వద్దు. సిలికాన్ గట్టిపడేది గాల్లోని తేమతో. ఎండాకాలం మన దగ్గర గాలి పొడి, పైపొర తొందరగా కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. అప్పుడైతే నాలుగో రోజు దాకా ఆగండి. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు.