క్యాంపర్ ట్రైలర్‌తో నెమ్మదిగా తిరగడం: సుఖమా, చాకిరీయా?

నెమ్మదిబండి (డల్లాస్): వేసవి వస్తే మనవాళ్ళంతా విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని, నాలుగు రోజుల్లో మూడు పార్కులు చుట్టేసి వస్తారు. పడకా వంటగట్టూ ఉన్న ట్రైలర్‌ని కారు వెనక తగిలించుకుని తీరిగ్గా వెళ్ళేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఎందుకని? మన డికాషన్, మన పక్క, రోజూ సూట్‌కేసు సర్దే బాధ లేదు. ఎల్లోస్టోన్ హేడెన్ వ్యాలీలో బైసన్ మంద రోడ్డెక్కితే గంట పోతుంది. హోటల్‌కి చేరాల్సినవాడికి టెన్షన్, మాకు అదే వినోదం. యూటా, వ్యోమింగ్‌లలో బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా పైసా కట్టకుండా ఉండొచ్చు.

హోటల్‌పక్షం: ట్రైలర్ మురుగు వదిలే డంప్ స్టేషన్ గురించి ఒక్క ముక్క రాయలేదేం సార్? టాయిలెట్ మురుగుండే బ్లాక్ ట్యాంకు గొట్టం పట్టుకుని లైన్లో నిలబడే వినోదం కూడా చెప్పండి. ఊళ్ళో ఎప్పుడూ చేయని పని ఇక్కడ డబ్బులిచ్చి చేయాలా?

గాలిపటం: ఊళ్ళో మనం చేయలేదంటే ఇంకెవరితోనో చేయించాం కాబట్టి. ఆ మాట వద్దులెండి.

నెమ్మదిబండి: గ్లౌజులు వేసుకుంటే పది నిమిషాల పని. ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గిన్నెలు, స్నానాల నీళ్ళుండే గ్రే ట్యాంకు వదిలితే గొట్టం దానంతటదే కడిగినట్టవుతుంది.

టైరుమాస్టర్: అది సరే, టంగ్ వెయిట్ ఎంత? ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కారుకి తగిలించే హిచ్ మీద పడాలి. సామానంతా వెనక్కి నింపితే హైవే మీద తోక ఊపుతుంది.

హోటల్‌పక్షం: మేం ఒకసారి అద్దెకు తీసుకున్నాం. యూటాలోని మోయబ్ ఎండలో 30 ఆంపుల కనెక్షన్ మీద ఏసీ, ఇండక్షన్ స్టవ్ రెండూ వేస్తే బ్రేకర్ పడిపోయేది. ఉక్కపోతా, ఉడకని అన్నమా, తేల్చుకోమన్నట్టు. తిరిగిచ్చేటప్పుడు ట్రైలర్ పక్కన నీడకి లాగే గుడ్డ చిరిగిందని డిపాజిట్‌లో సగం పట్టేశారు. పోనీ స్థలమైనా తేలిగ్గా దొరుకుతుందా? చాలా పార్కుల్లో ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్ క్యాంపు దాటాక 21 అడుగుల కంటే పొడవున్న బండిని పోనివ్వరు. దీన్నా తీరిక అంటారు?

నెమ్మదిబండి: ట్రైలర్‌ని క్యాంపులో వదిలి కారులో వెళ్తారు బాబూ. కొండెక్కించమని ఎవరన్నారు?

కొత్తమెంబరు: గుడ్డగోడల పాపప్ ట్రైలర్ చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

టైరుమాస్టర్: కొనండి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపుకి మాత్రం రానివ్వరు. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గట్టి గోడలున్నవాటికే అనుమతి. టంగ్ వెయిట్ ఎవరూ చెప్పలేదు.

ఫ్రిస్కో వదిన: ఇందాకటి నుంచి చదువుతున్నాను. గొట్టం మీద ఇన్ని పోస్టులు, వంట మీద ఒక్కటి లేదు. ఆ రెండడుగుల గట్టు మీద పప్పు వండేదెవరు? మా ఇంట్లోనూ ఒకరున్నారు. గ్రే ట్యాంకు నిండిపోతుందని గిన్నెడు నీళ్ళతో అందరి కంచాలూ కడిగించారు. ఆయన బయట కుర్చీలో కూర్చుని ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అంటూ ఫొటోలు తీశారు.

నెమ్మదిబండి: మా ఆవిడకి ఇష్టమేనండీ.

ఫ్రిస్కో వదిన: ఆవిణ్ణి వచ్చి రాయమనండి.

నెమ్మదిబండి: ఇళ్ళలోకి ఎందుకు వస్తారు? నేను అడిగింది ప్రయాణం గురించి. పరుగులు పెట్టడం అలవాటైపోయి, ఒకచోట కుదురుగా కూర్చోవడం మనవాళ్ళకి చేతకావడం లేదు. అసలు జబ్బు అది.

హోటల్‌పక్షం: జబ్బా? చూడండి సార్, మీకు గ్రీన్ కార్డు ఉంది, ఇంటి నుంచే ఉద్యోగం. మీరే వేరే థ్రెడ్‌లో రాశారు. నాకు ఏడాదికి రెండు వారాల సెలవు. ఇండియా వెళ్ళి అమ్మానాన్నల్ని చూడాలన్నా, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళాలన్నా అందులోంచే. మిగిలిన నాలుగు రోజుల్లో పిల్లలకి ఏదో ఒకటి చూపించాలి. పరుగెత్తడం సరదా అనుకున్నారా? కుదురుగా కూర్చోమని మీరు చెప్తుంటే ఒళ్ళు మండుతోంది.

గాలిపటం: ఇదీ అసలు సంగతి. గొట్టం కాదు.

నెమ్మదిబండి: సెలవుల్లేవని మొదటే అంటే నేనెందుకు వాదిస్తాను? ట్రైలరే దండగ అన్నారు కదా. సరే, సెలవు పెట్టక్కర్లేదు, ఒక్క వీకెండ్ మాతో రండి. సీడర్ హిల్ స్టేట్ పార్కు డల్లాస్ పక్కనే, జో పూల్ చెరువు ఒడ్డున. కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఉంటాయి.

హోటల్‌పక్షం: జులైలో, టెక్సస్ ఎండలోనా? అక్టోబరు అయితే ఆలోచిస్తాను. గొట్టం మాత్రం ముట్టుకోను.

ఫ్రిస్కో వదిన: వంటెవరిదో కూడా ఇప్పుడే రాసేయండి.