హైదరాబాద్ కాచిగూడ రైల్వే స్టేషన్ పాత సంగతులు తెలిసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా తాతయ్య మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) రోజుల్లో కాచిగూడ నుంచే బండెక్కేవారు. 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన ఆ గుమ్మటాల భవనమంటే నాకూ ప్రాణం. అప్పట్లో మహారాష్ట్రలోని మన్మాడ్ వైపు వెళ్లే బళ్లు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగేవి? బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) వచ్చాక లోపల ఏమేం మారాయి? ఎవరి దగ్గరైనా పాత ఫొటోలు గానీ, ఆనాటి టైంటేబుల్ గానీ ఉంటే చూపించండి, తాతయ్య ఎంత సంతోషిస్తారో!

ఇంకొకటి. ఆయన్ని మలక్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కించి కాచిగూడలో దింపాలనుకుంటున్నాను. ఒక్క స్టేషనే, కానీ మోకాళ్ల నొప్పులు. దిగాక మెట్లెక్కకుండా ముఖద్వారం దాకా రావచ్చా? లిఫ్ట్ ఎటువైపు? ఆదివారం బళ్లు తక్కువగా ఉంటాయా?