తటస్థీకరణోష్ణం 57.3 రావాలి, మాకు 46 వస్తోంది. పొరపాటు ఎక్కడ?

రసాయన_సందేహం (ప్రశ్న):

ఇంటర్ మొదటి సంవత్సరం ఉష్ణగతికశాస్త్రం పాఠానికి తోడుగా పిల్లల చేత చేయిస్తున్న ప్రయోగం ఇది. ఆమ్లం, క్షారం కలిసి ఒక మోల్ నీరు తయారైనప్పుడు వెలువడే వేడి, అంటే తటస్థీకరణోష్ణం, కొలవాలి. 50 మి.లీ. 1 మోలార్ (లీటరుకు ఒక మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 50 మి.లీ. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 250 మి.లీ. గాజు బీకరులో కలిపాం. కలపకముందు రెండూ 29.0 డిగ్రీలు. కలిపాక పైకి పోయింది 34.5 దాకా. థర్మామీటరు మామూలుదే, 1 డిగ్రీ గీతలు.

లెక్క (ద్రావణం గ్రాములు × విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించే జౌళ్ళు × పెరిగిన డిగ్రీలు): 100 × 4.18 × 5.5 = 2299 జౌళ్ళు. తయారైన నీరు 0.05 మోల్. భాగిస్తే మోల్‌కు 46 కిలోజౌళ్ళు. పుస్తకంలో 57.3.

సందేహాలు మూడు. ఆ 11 కిలోజౌళ్ళు ఎటు పోయాయి? రెండోది, అదే బీకరులో 100, 100 మి.లీ. కలిపితే 6.0 డిగ్రీలే పెరిగింది. సరుకు రెట్టింపు పోశాం, పెరుగుదల 11 ఎందుకు కాలేదు? మూడోది, ఎసిటిక్ ఆమ్లంతో చేస్తే 5.4 వచ్చింది. బలహీన ఆమ్లానికి బాగా తక్కువ రావాలి కదా?

ద్రావణాల తయారీ: సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు 10 గ్రాములు 250 మి.లీ.కి. గాఢ ఆమ్లాన్ని 12 మోలార్ అనుకుని 20.8 మి.లీ. తీసి 250 మి.లీ.కి పలచన చేశాం.

కొలజాడీ:

ముందు రెండో సందేహం, ఎందుకంటే పరీక్షల్లో కూడా పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు. రెట్టింపు ద్రావణం కలిపితే పుట్టే ఉష్ణం రెట్టింపు, నిజమే. కానీ ఆ ఉష్ణాన్ని పంచుకునే నీళ్ళూ రెట్టింపు అయ్యాయి. కాబట్టి డిగ్రీలు మారవు. పిల్లలకు ఇలా చెప్పండి: ఒక్కో గ్లాసులో 6 డిగ్రీలు వేడెక్కిన ద్రావణం ఉంది, రెండు గ్లాసులూ ఒక గిన్నెలో పోశాం. అది 12 అవుతుందా? డిగ్రీలు రెట్టింపు కావాలంటే పెంచాల్సింది ఘనపరిమాణం కాదు, గాఢత. 2 మోలార్ ద్రావణాలు 50, 50 కలపండి, 13 డిగ్రీల దరిదాపుల్లో వస్తుంది.

మరి 5.5 కాస్తా 6.0 ఎందుకయింది? మీ మొదటి సందేహానికి జవాబులో ఒక ముక్క ఇక్కడే దొరుకుతుంది. 250 మి.లీ. గాజు బీకరు బరువు సుమారు 100 గ్రాములు (తూచి చూసుకోండి). గాజు విశిష్టోష్ణం గ్రాముకు సుమారు 0.8 జౌల్. 100 మి.లీ. ద్రావణం పోస్తే సగం గాజు దాకా వేడెక్కుతుంది అనుకుందాం, అంటే డిగ్రీకి 40 జౌళ్ళు గాజే తాగేస్తోంది. నీళ్ళు తీసుకునేది డిగ్రీకి 418. అంటే దాదాపు పదో వంతు మీ లెక్కలోకి రాలేదు. 200 మి.లీ. పోసినప్పుడు ఇంకొంచెం గాజు తడుస్తుంది, 60 జౌళ్ళు వేసుకోండి, కానీ నీళ్ళ వాటా 836. దాని ముందు గాజు వాటా తగ్గింది. 6.0 రావడానికి అదొక కారణం.

గాజు తీసుకున్నదీ కలిపితే: (418 + 40) × 5.5 = 2519 జౌళ్ళు, మోల్‌కు 50.4. నాలుగు కిలోజౌళ్ళకు పైగా అక్కడే దొరికాయి.

నీటిబొట్టు:

4.18 నీటి విశిష్టోష్ణం. అక్కడున్నది ఉప్పు నీరు. ఉప్పు నీటిది తక్కువ, గ్రాముకు 4.04 దాకా ఉంటుంది. తేడా అక్కడి నుంచే వస్తోందేమో?

కొలజాడీ:

నీటిబొట్టు గారూ, విలువ సరైనదే, దిశ తిరగబడింది. 4.18 బదులు తక్కువ సంఖ్య వేస్తే జవాబు ఇంకా తగ్గుతుంది, 57 వైపు పోదు. పైగా ఆ ద్రావణం సాంద్రత 1 కాదు, సుమారు 1.02. అంటే 100 మి.లీ. బరువు 102 గ్రాములు. 102 × 4.04 = 412. నీళ్ళనుకుంటే 418. ఒక తప్పు ఇంకో తప్పును దాదాపు కొట్టేస్తోంది, మిగిలేది ఒకటిన్నర శాతం. ఈ స్థాయి ప్రయోగానికి దాన్ని వదిలేయొచ్చు.

బ్యూరెట్టు:

ద్రావణాల సంగతి నేను చెప్తాను. 46కి అసలు కారణాల్లో అదొకటి.

మన దగ్గర దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద చాలాసార్లు 35 శాతం అని ఉంటుంది, సాంద్రత 1.18. లెక్క కట్టండి: 1180 × 0.35 ÷ 36.5 = 11.3 మోలార్. 12 కాదు. 20.8 మి.లీ. తీస్తే వచ్చేది 0.94 మోలార్. మీ బీకరులో తయారైన నీరు 0.05 మోల్ కాదు, 0.047. కొలజాడీ గారి 2519ని 0.047తో భాగిస్తే 53.6. పాత సీసా అయితే పొగల రూపంలో ఇంకాస్త తగ్గి ఉంటుంది. 35 శాతం సీసా నుంచి 250 మి.లీ. 1 మోలార్ కావాలంటే 22.1 మి.లీ. తీయాలి, అదీ నీళ్ళలో ఆమ్లం పోస్తూ.

సోడియం హైడ్రాక్సైడ్‌తో తిప్పలు రెండు. బిళ్ళలు గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయి. కాగితం మీద తూస్తే మీరు చూస్తుండగానే చెమ్మగిల్లుతాయి. చిన్న బీకరులో గబగబా తూచి, సీసా మూత వెంటనే పెట్టేయాలి. రెండోది: కరిగేటప్పుడు అది వేడి విడుదల చేస్తుంది, మోల్‌కు సుమారు 44.5 కిలోజౌళ్ళు. 10 గ్రాములు 250 మి.లీ.లో కరిగితే పదిన్నర డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ ద్రావణాన్ని ముందురోజే చేసి ప్లాస్టిక్ సీసాలో ఉంచండి. అదేరోజు చేసి, ఆమ్లం ఉష్ణోగ్రత ఒక్కటే రాసుకుని, క్షారం కూడా అంతే అనుకుంటే ఫలితం ఎక్కువ వస్తుంది. క్షారం 2 డిగ్రీలు వేడిగా ఉంటే చాలు, సగటున 1 డిగ్రీ తప్పు. ఈ ప్రయోగంలో ఒక డిగ్రీ అంటే 418 ÷ 0.05, అంటే 8.4 కిలోజౌళ్ళు! 70 దగ్గర జవాబు వచ్చినవాళ్ళను ముందు అడగాల్సింది ఇదే.

గాఢత సరిచూసే పద్ధతి: స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లం 1.575 గ్రాములు 250 మి.లీ.కి చేస్తే 0.05 మోలార్. మీ క్షారాన్ని పిపెట్టుతో 10 మి.లీ. తీసి 100 మి.లీ.కి పలచన చేయండి. 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లానికి రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్టులో పలచన చేసిన క్షారంతో అంశమాపనం (టైట్రేషన్). క్షారం సరిగ్గా 1 మోలార్ అయితే 20.0 మి.లీ. పడుతుంది. 21.3 పట్టిందా, అసలుది 0.94. తర్వాత ఇదే క్షారంతో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ తేల్చుకోండి.

ఒక కిటుకు: క్షారాన్ని 50 బదులు 55 మి.లీ. పోయండి. అప్పుడు ఆమ్లం మొత్తం ఖర్చయిపోతుంది, మోళ్ళు లెక్కించడానికి ఆమ్లం గాఢత ఒక్కటి తెలిస్తే చాలు. ద్రవ్యరాశిని మాత్రం 105 గ్రాములుగా వేసుకోవాలి, అది మర్చిపోతుంటారు. ఇంకో పాత తప్పు, ఆమ్లం 0.05, క్షారం 0.05 కూడి 0.1తో భాగించడం. 23 వచ్చిందంటే అదే.

కళ్ళద్దాలు పెట్టించండి. 1 మోలార్ క్షారం కంట్లో పడితే ఆమ్లం కంటే ప్రమాదం.

కొలజాడీ:

బీకరు మానేయండి. థర్మాకోల్ కప్పు దొరికితే మంచిదే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది కాబట్టి దుకాణాల్లో కనబడకపోవచ్చు. ఒకదాంట్లో ఒకటి పెట్టిన రెండు కాగితం కప్పులు, మధ్యలో నలిపిన టిష్యూ, పైన థర్మామీటరు దూరేంత రంధ్రం పెట్టిన అట్టముక్క, ఇది చాలు. కప్పు పడిపోకుండా బీకరులో నిలబెట్టండి. స్టీలు గ్లాసు వద్దు, అది కూడా వేడి తాగుతుంది.

కప్పు తీసుకునే వేడిని ముందే కొలిచి పెట్టుకోండి. కప్పులో 50 మి.లీ. నీళ్ళు, 29.0 డిగ్రీలు. దాంట్లో 45.0 డిగ్రీల నీళ్ళు 50 మి.లీ. పోయండి. ఏమీ పోకపోతే 37.0 రావాలి. ఉదాహరణకు 36.6 వచ్చిందనుకోండి. వేడి నీళ్ళు ఇచ్చింది 50 × 4.18 × 8.4 = 1756, చల్లనివి తీసుకున్నది 50 × 4.18 × 7.6 = 1588. తేడా 168 జౌళ్ళు. 7.6తో భాగిస్తే డిగ్రీకి 22 జౌళ్ళు. ఇదే కప్పు, మూత, థర్మామీటరుల ఉష్ణధారణ. వేడి నీళ్ళ ఉష్ణోగ్రత పోయడానికి క్షణం ముందు చూడాలి, పొయ్యి దించినప్పటిది కాదు.

ఇక గరిష్ఠ ఉష్ణోగ్రత. థర్మామీటరు పైకెక్కేలోపే ద్రావణం చల్లారడం మొదలవుతుంది, కాబట్టి మీరు చూసే 34.5 అసలు గరిష్ఠం కాదు. క్షారం కప్పులో పోసి అరనిమిషానికోసారి ఉష్ణోగ్రత రాయండి. సరిగ్గా మూడో నిమిషంలో ఆమ్లం ఒక్కసారిగా పోయాలి, ఆ నిమిషం రీడింగు తీసుకోవద్దు. కలుపుతూ ఎనిమిదో నిమిషం దాకా రాయండి. గ్రాఫు గీసి, చల్లారే గీతను వెనక్కి మూడో నిమిషం దాకా పొడిగించండి. అక్కడ కనబడే ఉష్ణోగ్రతే మీకు కావలసింది. ఆమ్లాన్ని బ్యూరెట్టుతో చుక్క చుక్కగా పోస్తే ఈ గ్రాఫు పనికిరాదు.

0.1 డిగ్రీ గీతల థర్మామీటరు తెప్పించండి. 1 డిగ్రీ గీతల్లో అర డిగ్రీ అటూ ఇటూ చదివినా 4 కిలోజౌళ్ళు తేడా.

అయానువాది:

ఎసిటిక్ ఆమ్లం గురించి. మీ 5.4 తప్పు కాదు. "బలహీన ఆమ్లం, అయనీకరణానికి శక్తి ఖర్చవుతుంది, కాబట్టి తక్కువ" అని నేర్పే సూత్రం ఎసిటిక్ ఆమ్లానికి దాదాపు పనిచేయదు. 25 డిగ్రీల దగ్గర దాని అయనీకరణ ఎంథాల్పీ (అయాన్లుగా విడిపోవడానికి పట్టే వేడి) సున్నాకు దగ్గర, మోల్‌కు అర కిలోజౌల్ కూడా లేదు. బలహీనంగా ఉండటానికి కారణం ఎంథాల్పీ కాదు, ఎంట్రోపీ (అణువుల చెల్లాచెదురుతనం) తగ్గడం: అయాన్లు ఏర్పడగానే చుట్టూ నీటి అణువులు వరుస కడతాయి.

అసలు తేడా చూపించాలంటే హైడ్రోసయనిక్ ఆమ్లం: తటస్థీకరణోష్ణం మోల్‌కు 12 కిలోజౌళ్ళ చిల్లర మాత్రమే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అటు తిరుగుడు: బలహీన ఆమ్లమే, కానీ 68.6! ఫ్లోరైడు అయాను నీటితో అంత గట్టిగా కలుస్తుంది కాబట్టి దాని అయనీకరణమే ఉష్ణమోచకం (వేడిని విడుదల చేసేది). ఈ రెండూ బోర్డు మీద రాసుకోవడానికే, ప్రయోగశాలలో ముట్టుకోవద్దు.

బలమైన ఆమ్లం, బలమైన క్షారం ఏవైనా ఒకే విలువ ఎందుకంటే, జరిగే చర్య ఎప్పుడూ ఒక్కటే: హైడ్రోజన్ అయాను, హైడ్రాక్సైడ్ అయాను కలిసి నీరు. సోడియం, క్లోరైడు అయాన్లు అలా నిలబడి చూస్తాయంతే. 1887లో అర్హీనియస్ అయాన్ల సిద్ధాంతం చెప్పాకే ఈ స్థిరత్వానికి అర్థం దొరికింది.

రసాయన_సందేహం:

అందరికీ ధన్యవాదాలండీ. కాగితం కప్పులతో మళ్ళీ చేయించాం. అంశమాపనంలో ఆమ్లం 0.96 మోలార్ అని తేలింది. క్షారం 55 మి.లీ. గ్రాఫు నుంచి పెరుగుదల 5.9. కప్పు ఉష్ణధారణ 22.

(105 × 4.18 + 22) × 5.9 = 2719 జౌళ్ళు. 0.048తో భాగిస్తే 56.7. ఉష్ణమోచకం కాబట్టి రుణ గుర్తు. ఇంకా 0.6 తక్కువ ఉంది. దాన్నీ వెతకాలా?

అయానువాది:

వద్దు. మీ థర్మామీటరు 0.1 డిగ్రీ అటూ ఇటూ అయితేనే ఒక కిలోజౌల్ దాకా తేడా. 56.7 అని కాక, 57 అని రాయించండి.

పైగా 57.3 అనేది రాతి మీద చెక్కిన సంఖ్య కాదు. పాత 13.7 కిలోకాలరీలను 4.184తో గుణిస్తే వచ్చింది. ఈ విలువ ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీ పెరిగే కొద్దీ సుమారు 0.2 కిలోజౌళ్ళు తగ్గుతుంది. బాగా పలచని ద్రావణాలకు 25 డిగ్రీల దగ్గర 55.8, 18, 20 డిగ్రీల దగ్గర 57 చిల్లర. 1 మోలార్ ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. మన గదులు 29, 30లో ఉంటే, ఖచ్చితంగా 57.3 రాసుకొచ్చిన పిల్లవాణ్ణి కాస్త అనుమానించాలి.

రసాయన_సందేహం:

అయితే బలహీన క్షారం తేడా బడిలో చూపించడానికి ఏది వాడొచ్చు?

బ్యూరెట్టు:

అమోనియా. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మోల్‌కు 52.2 కిలోజౌళ్ళు. 25 శాతం, 0.91 సాంద్రత ఉన్న సీసా అయితే 13.4 మోలార్, 250 మి.లీ. 1 మోలార్‌కు 18.7 మి.లీ. తీయాలి, కిటికీలు తెరిచి. తెరిచిన సీసాలో అమోనియా తగ్గిపోతూ ఉంటుంది, కాబట్టి 55 మి.లీ. కాక 60 పోసి ఆమ్లాన్నే పూర్తిగా ఖర్చు చేయండి. పోల్చడానికి సోడియం హైడ్రాక్సైడ్ కూడా 60 మి.లీ.తోనే మళ్ళీ చేయాలి, లేకపోతే పంచుకునే నీళ్ళు వేరైపోతాయి. మీ 0.96 ఆమ్లంతో, మీ కప్పులో అమోనియాకు 5.2 డిగ్రీలు, సోడియం హైడ్రాక్సైడ్‌కు 5.7 దగ్గర రావాలి. తేడా అర డిగ్రీ. పాత థర్మామీటరుతో అది కనబడదు.