తేనీటి విందా, తేనేటి విందా?

అచ్చుతప్పు:
ఆగస్టు 15 సాయంత్రం రాజ్‌భవన్‌లో జరిగిన విందు వార్త ఒక పత్రికలో ‘తేనీటి విందు’ అని, ఇంకో పత్రికలో ‘తేనేటి విందు’ అని పడింది. ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు కదా, అక్కడే ఆగిపోయాయి. ఏడాదికి రెండుసార్లు, ఆగస్టులోనూ జనవరిలోనూ, ఈ మాట నన్ను గిల్లుతూనే ఉంటుంది.

నా వాదన ఇది. నీరు ఔపవిభక్తికం, ‘టి’ వచ్చి ‘నీటి’ అవుతుంది. నీటి కుండ, నీటి బొట్టు లాగానే తేనీటి విందు. ‘నేటి’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘ఏరు’ అయితే ‘ఏటి’ అవుతుంది. అంటే తేనేటి విందు అంటే తేనె ఏటి విందు. అతిథుల్ని పిలిచి తేనె ఏట్లో ముంచుతారా?

సరే, అది నా మటుకు తేలిపోయింది. తేలనిది ఆ ముందున్న ‘తే’. మా తెలుగు మాస్టారు ‘తేనె లాంటి నీరు కాబట్టి తేనీరు’ అని చెప్పారు. ‘మరి మధ్యలో నె ఎటు పోయిందండీ’ అన్నందుకు నాకు ఆ పూట గోడకుర్చీ. ఆ ప్రశ్న ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను. ఇక్కడ గోడ లేదు కాబట్టి.

గోదారిగట్టు:
మా అమ్మమ్మకి ఈ గొడవే లేదండీ. ‘టీ నీళ్ళు’ అనేది. ‘వచ్చినాయనకి కాసిని టీ నీళ్ళు పొయ్యవే’ అంటే అయిపోయింది. తేనీరు కూడా అచ్చం అదే మాట, కాస్త ఇస్త్రీ చేసింది. తే అంటే టీయే, తేనెకి ఇందులో వాటా లేదు.

తేయాకు చూడండి. తే + ఆకు, సంధి కుదరక మధ్యలో యడాగమం వచ్చి కూర్చుంది. తేనె ఆకయితే ఆ రూపం రాదు. తమిళంలో తేయిలై, తేనీర్. మలయాళంలో తేయిల. పక్కింటివాళ్ళది, మనదీ ఒకే అచ్చు. మలయాళీలది ఇంకో వింత, ఆకుని తేయిల అంటారు, దాన్ని కాచి తాగేటప్పుడు మాత్రం చాయ అంటారు.

చాయ్‌బండి కరీంనగర్:
మాస్టారూ, గీ తేనీరు, తేయాకు అన్నీ పేపరోళ్ళ మాటలు. మా దిక్కు ఎవ్వలంటరు? ‘చాయ్ తాగినవా’ అంటం, ‘చాయ్‌పత్తి అయిపోయింది’ అంటం. పోయినేడు ఒక తెలుగు గ్రూపుల నేను చాయ్ అని రాస్తే ఒకాయన ‘అది ఉర్దూ మాట, తేనీరు అనండి, అచ్చ తెలుగు’ అని క్లాసు పీకిండు. ఇప్పుడు అడుగుతున్న, మరి ఆ ‘తే’ యాడిది?

చిన్న డాక్టరు:
అన్నా, ఆ ‘తే’ ఏ ఊరిదో నేను చెవులారా విన్నాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మాది ఒంగోలు. మెడిసిన్ చైనాలో చదివాను, ఫూజియన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డునున్న షియామెన్‌లో. పాత తెల్లవాళ్ళ పుస్తకాల్లో అమోయ్ అని ఉండే రేవు అదే. క్లాసులో మాకు నేర్పింది ప్రామాణిక చైనీసు. అందులో టీని ‘ఛా’ అంటారు. హాస్టల్ వెనక సందులో ఒక టీ ఆకుల కొట్టుండేది. కొట్టాయన మాతో చైనీసులో మాట్లాడేవాడు, పెళ్ళాంతో మాత్రం ఆ ఊరి మాటలో. ఒకరోజు జోరు వాన. నేను చూరు కింద నిలబడ్డాను. ఆయన ఒక పీట జరిపి ‘లిమ్ తే’ అన్నాడు. టీ తాగు అని. ‘తే’! సరిగ్గా మన తేయాకులోని తే. ఇంటికి నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో తెలుగు డిక్షనరీ నోరు తెరిచినట్టయింది.

ఆయన పోసిన తీరు కూడా చెప్పాలి. అరచేతిలో ఇమిడే మూతగిన్నెలో సగానికి పైగా ఊలాంగ్ ఆకు వేశాడు. మరిగే నీళ్ళు పోశాడు, వెంటనే ఆ నీళ్ళతోనే చిట్టి కప్పులు కడిగి పారబోశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది, డికాషనంతా పాయె అనుకున్నాను. మళ్ళీ పోశాడు. పదిదాకా లెక్కపెట్టేంత సేపుంచి, బొటనవేలు నడివేలు గిన్నె అంచుకి పట్టించి, చూపుడువేలితో మూత నొక్కి, సందులోంచి మూడు కప్పుల మీద గుండ్రంగా తిప్పుతూ వంచాడు. ఒక కప్పు నింపి రెండోదానికి వెళ్ళడు. అలా తిప్పితేనే మూడింట్లో ఒకే చిక్కదనం వస్తుందిట. కప్పు మన ఉగ్గుగిన్నె కన్నా చిన్నది. పాలు లేవు, పంచదార లేదు. మొదటి గుక్క చేదు, మింగాక గొంతులో తీపి. అదే ఆకు మీద ఏడుసార్లు నీళ్ళు పోశాడు, వాన వెలిసేదాకా.

ఇక మాట సంగతి. చైనాలో టీకి రాసే అక్షరం ఒక్కటే. ఉత్తరాదివాళ్ళు, దక్షిణాన కాంటన్ రేవువాళ్ళు దాన్ని ఛా అని చదువుతారు, దక్షిణ ఫూజియన్‌లో తే అంటారు. ఎవరు ఏ రేవులో కొన్నారో వాళ్ళకి ఆ మాట అంటుకుంది. డచ్చివాళ్ళు ఫూజియన్ వర్తకుల దగ్గర కొన్నారు. 1624 నుంచి 1662 దాకా తైవాన్‌లో వాళ్ళకి కోట కూడా ఉండేది, అక్కడా ఇదే భాష. అందుకే డచ్చి, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు అన్నింటిలోనూ తే కుటుంబమే. పోర్చుగీసులు 1557 నుంచి కాంటన్ పక్కన మకావులో కాపురమున్నారు, అందుకే యూరప్ పడమటి కొసన ఉన్నా వాళ్ళది ‘షా’. నేల దారిన వెళ్ళింది ఛా. టిబెట్‌లో జా, పారశీకంలో చాయ్, రష్యాలో చాయ్, అరబ్బీలో షాయ్, తుర్కీలో చాయ్. పారశీకం నుంచి హిందుస్తానీకి, అక్కణ్ణుంచి కరీంనగర్‌కి. ఈ రెండు దారుల్లోనూ పడనివాళ్ళున్నారు. బర్మావాళ్ళు లఫెట్ అంటారు, ఆకుని ఊరబెట్టి పచ్చడిలా తింటారు కూడా.

కాబట్టి అన్నా, మీకు క్లాసు పీకినాయనకి చెప్పండి. చాయ్ ఉర్దూ అయితే తేనీరులో తే ఫూజియన్‌ది. అచ్చ తెలుగు అన్నది ఆ ‘నీరు’ ఒక్కటే.

గోదారిగట్టు:
ఇందులో నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా మొదట ‘టే’ అనే అనేవారు. 18వ శతాబ్ది మొదట్లో పోప్ కవి ఆ మాటని ‘ఒబే’తో అంత్యప్రాస కలిపాడు. తర్వాత వాళ్ళ నోట్లో ఆ అచ్చు జరిగి టీ అయింది. మన తే జరగలేదు. షియామెన్ కొట్టాయన తేయాకు అనే మాట వింటే మొదటి అక్షరం గుర్తుపడతాడు, టీ అంటే పట్టడు.

చాయ్‌బండి కరీంనగర్:
మీ తే, మా చాయ్, రెండూ ఒక్క అక్షరమేనా? ఇగ మంచిగైంది. ఇన్నేండ్లు ఉత్తగనే కొట్లాడినం.

అచ్చుతప్పు:
తమ్ముడూ, నీ చాయ్ పరాయిదని చెవే చెబుతుంది. మన సొంత మాటల్లో అ, ఆ, ఉ, ఒల ముందు చకారం దంత్యం. చాప, చాలు, చుక్క, చొప్ప పలికి చూడు, నాలుక పళ్ళకి తగులుతుంది. చాయ్ అనేటప్పుడు నాలుక పైకి పోయి అంగిలికి తగులుతుంది. చాలు అన్నట్టు చాయ్ అనేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ‘ఇంక చాయ్ చాలు’ అను, రెండు చలూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఛ ఒత్తు పెట్టి ఛాయ్ అని బోర్డులు రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఛాయకీ నీడకీ ముడిపెట్టి కవిత్వం రాసేవాళ్ళ మీదే.

ఇంతకీ ఆ చైనా అక్షరం పుట్టుక ఏమిటి డాక్టరుగారూ?

చిన్న డాక్టరు:
పైన గడ్డి గుర్తు, మధ్యలో మనిషి, కింద చెట్టు. ఆకుకీ మానుకీ నడుమ మనిషి నిలబడ్డట్టు ఉంటుందని పిల్లలకి అలా చెప్పి గుర్తుపెట్టిస్తారు. అది గుర్తుకోసమేగానీ పుట్టుక కాదు. అంతకుముందు ‘తూ’ అనే అక్షరముండేది, చేదు కూర అని దానర్థం. టీకి కూడా దాన్నే వాడేవాళ్ళు. తాంగ్ వంశం కాలంలో అందులో ఒక గీత తీసేసి టీకి సొంత అక్షరం చేసుకున్నారు. మనమైతే తలకట్టు తీసేసి కొత్త మాట పుట్టించినట్టు.

తాగడం మటుకు ఆ అక్షరం కన్నా చాలా పాతది. క్రీ.పూ. 59 నాటి ఒక హాస్య రచనలో, వాంగ్ బావ్ అనే ఆయన ఒక బానిసకి చెప్పే పనుల జాబితాలో టీ కాచడం, ఊరికి పోయి టీ కొనుక్కురావడం ఉన్నాయి. అప్పటికే బజార్లో అమ్మేదన్నమాట. హాన్ చక్రవర్తి జింగ్ క్రీ.పూ. 141లో చనిపోయాడు, ఆయన సమాధి గోతుల్లో టీ మొగ్గలే దొరికాయి.

గోదారిగట్టు:
తాంగ్ కాలం అన్నారు కాబట్టి లూ యూ గారిని తలుచుకోకపోతే ఎలా? 8వ శతాబ్ది మనిషి. దిక్కులేని పసివాడిగా బౌద్ధ మఠంలో పెరిగాడు. టీ మీద పది అధ్యాయాల పుస్తకం రాశాడు, ఛా జింగ్. చెట్టు, పనిముట్లు, కాచడం, తాగడం, ఏ ఊరి ఆకు మంచిది, అన్నీ అందులోనే. నేను ఇంగ్లీషులో చదివాను.

ఆయన నీళ్ళు మరిగే దశలు చెప్పిన తీరు చూడాలి. మొదటిది చేపకళ్ళు, సన్నటి చప్పుడుతో అడుగునుంచి లేచే బుడగలు. రెండోది అంచు చుట్టూ ఊట ఊరినట్టు ముత్యాల సరం. మూడోది కెరటాలు. అది దాటితే నీళ్ళు ‘ముసలివి’ అయిపోతాయట, తాగకూడదు. మా అమ్మమ్మ ఎసరు చూసినట్టే ఉంది. ఆవిడకీ కాగడం వేరు, మరగడం వేరు, తెర్లడం వేరు. మూత తీయకుండా చప్పుడుబట్టి చెప్పేది. ఇప్పుడు మనకి అన్నిటికీ ‘బాయిల్ అయింది’ ఒక్కటే.

ఒక్క విషయంలో మాత్రం లూ యూతో నాకు చెడింది. టీలో ఉల్లికాడ, అల్లం, రేగుపళ్ళు, నారింజ తొక్క, పుదీనా వేసి కాచేవాళ్ళని తిట్టాడు. అది మురిక్కాలవలో పారబోసిన నీళ్ళట! తను మాత్రం ఉప్పు వేసుకునేవాడు. మా ఇంట్లో అల్లం లేకుండా టీ పెట్టరు. పన్నెండు వందల ఏళ్ళ కిందటే మమ్మల్ని కడిగేశాడు మహానుభావుడు.

చాయ్‌బండి కరీంనగర్:
ఉప్పేసుకునెటోడు మనకు జెప్పుడా?

చిన్న డాక్టరు:
అప్పటి టీ వేరన్నా. ఆకుని ఆవిరి పట్టి, దంచి, బిళ్ళలు చేసేవాళ్ళు. బిళ్ళని కాల్చి, పొడి చేసి, ఉప్పు నీళ్ళలో కాచేవాళ్ళు. ఆ తర్వాతి సోంగ్ వంశం కాలానికి పొడి గిన్నెలో వేసి వెదురు కుంచెతో నురగ వచ్చేలా చిలికేవాళ్ళు, జపాన్‌వాళ్ళ మాచా ఆ ముక్కే. 1391లో మింగ్ వంశ స్థాపకుడు బిళ్ళల కప్పం వద్దు, విడి ఆకే పంపండి అన్నాడు. ఆయన రైతు బిడ్డ, బిళ్ళలు చేయడం ఎంత చాకిరో తెలుసు. వేడినీళ్ళలో ఆకు వేసి తాగే అలవాటు ఆ తర్వాతే బాగా ఊరూరా పాకింది. యూరప్‌వాళ్ళు వచ్చేసరికి చూసింది ఈ రకమే.

అనువాదాలు చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. మనం బ్లాక్ టీ అనేదాన్ని వాళ్ళు హోంగ్ ఛా అంటారు, ఎర్ర టీ అని. ‘నల్ల టీ’ అంటే వాళ్ళకి యూన్నాన్ పూఎర్ లాంటి ఊరబెట్టిన రకం. ఆకు రంగు చూసి తెల్లవాళ్ళు పేరు పెట్టారు, కప్పులో రంగు చూసి చైనావాళ్ళు పెట్టారు.

లెక్కలపంతులు:
చాలా ఆలస్యంగా వచ్చాను. ఆ అక్షరంలో ఒక లెక్క ఉంది, ఎవరూ చెప్పలేదేం? చైనా అంకెల్లో పది మన కూడిక గుర్తులా ఉంటుంది. టీ అక్షరం నెత్తిన గడ్డి గుర్తుని రెండు పదులుగా చూస్తారు, ఇరవై. కింది భాగాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది, అంటే ఎనిమిది పదులూ ఒక ఎనిమిదీ, ఎనభై ఎనిమిది. మొత్తం 108. అందుకే 108 ఏళ్ళ వయసుని వాళ్ళు ‘టీ ఆయుష్షు’ అంటారు. మనం అష్టోత్తరం చదువుకుంటూ తాగొచ్చు.

అచ్చుతప్పు:
పంతులుగారూ, ఈ ఒక్కదానికి మీకు అల్లం టీ బాకీ. మురిక్కాలవ నీళ్ళన్నా సరే.

గోదారిగట్టు:
ఇంకోటి. మనం సంబంధం ఖాయమైతే ‘తాంబూలాలు పుచ్చుకున్నారు’ అంటాం. చైనాలో పెళ్ళికూతురి వైపు ‘టీ పుచ్చుకున్నారు’ అంటే అదే అర్థం. టీ మొక్కని పీకి వేరేచోట నాటితే బతకదని పాతకాలం నమ్మకం, అందుకని పెళ్ళికి శకునంగా పెట్టుకున్నారు. ఎర్రమేడ కల అని చెప్పుకునే పెద్ద నవలలో ఒక వదిన మరదలిని ‘మా ఇంటి టీ తాగావుగా, ఇంక మా కోడలివి కావేం’ అని ఏడిపిస్తుంది. ఇక్కడైతే ‘మా ఇంటి ఆకూ వక్కా నమిలావుగా’ అంటారేమో.

చిన్న డాక్టరు:
అక్కా, టీ మీద వాళ్ళ నుడికారం అంతా పెళ్ళి కళ కాదులెండి. ‘మనిషి వెళ్ళాడు, టీ చల్లారింది’ అని ఒకటుంది. కుర్చీ దిగిన ఆఫీసరు గారి గదిలోకి ఎవరూ తొంగిచూడనప్పుడు వాడతారు.

ఇంకొకటి మన ‘ఉప్పూ పప్పూ చింతపండూ’ లాంటిది. పొద్దున తలుపు తీస్తే సంసారానికి కావలసిన ఏడు: కట్టెలు, బియ్యం, నూనె, ఉప్పు, సోయా రసం, వెనిగర్, టీ. అందులో తమాషా ఏమిటంటే మొదటిది కట్టెలు కదా, కట్టెల్ని వాళ్ళు ‘ఛాయ్’ అంటారు. చివరిది టీ, ‘ఛా’.

చాయ్‌బండి కరీంనగర్:
ఆగాగు. నేను ఆడికి పోయి చాయ్ అడిగితే కట్టెలు తెచ్చి పెడ్తరా?

చిన్న డాక్టరు:
నా మొదటి వారం క్యాంటీన్‌లో అదే జరిగింది. ‘ఛాయ్’ అన్నాను. వడ్డించేవాడు నా వంక, పొయ్యి వంక చూశాడు. ఆ పొయ్యి గ్యాసుది.