‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’: ఈ సామెత చెబుతున్నది స్వభావమా, కట్టుబాటా?

ప్రశ్న (కావలి నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు):
అయ్యా, తరగతిలో సామెతలు చెబుతుండగా ఒక విద్యార్థి, స్త్రీ పురుషుల మనస్తత్వాలు పుట్టుకతోనే వేరని పెద్దలు కనిపెట్టి ఈ మాట అన్నారా అని అడిగాడు. ఎలా వివరించమంటారు?

సమాధానం (నెల్లూరు నుంచి):
అమ్మా, జవాబు సామెత నిర్మాణంలోనే ఉంది. ‘నవ్వే’, ‘ఏడ్చే’ అన్నవి తద్ధర్మార్థక విశేషణాలు, అంటే ఒక కాలానికి కట్టుబడకుండా స్వభావాన్ని చెప్పే మాటలు. ‘నవ్విన ఆడది’ అంటే ఎప్పుడో ఏదో కారణానికి నవ్విన మనిషి. ‘నవ్వే ఆడది’ అనగానే ఆ నవ్వు కాలంతో పనిలేని స్వభావమైపోతుంది. అందుకే ఊరి కట్టుబాటు ఇక్కడ ప్రకృతి ధర్మంలా వినిపిస్తుంది. కానీ చివరి మాట నిషేధం. మగవారు ఏడవడమన్నదే లోకంలో లేకపోతే ‘నమ్మరాదు’ అని హెచ్చరించవలసిన అవసరమేముంది? పైగా ఆ క్రియకు కర్తను చెప్పలేదు. ఎవరు నమ్మకూడదో విడిగా చెప్పనక్కరలేనంతగా ఊరంతా అందులో ఇమిడిపోయింది. ఏ భావాన్ని ఎవరు బయటపెట్టవచ్చో, కాదని బయటపెడితే ఏ శిక్ష పడుతుందో నిర్ణయించే సామెత ఇదని నా దృఢాభిప్రాయం. ఆ శిక్ష నమ్మకం పోగొట్టుకోవడం.

ఈ నిర్ణయం ఉయ్యాలలోనే మొదలవుతుంది. 1976లో అమెరికాలో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ ప్రచురించిన పరిశోధనలో, ఒకే పసిబిడ్డ దృశ్యాన్ని కొందరికి మగబిడ్డ అనీ, మరికొందరికి ఆడబిడ్డ అనీ చెప్పి చూపించారు. పెట్టెలోంచి బొమ్మ ఎగిరి లేచినప్పుడు బిడ్డ కలవరపడితే, మగబిడ్డ అనుకున్నవారికి అందులో కోపం, ఆడబిడ్డ అనుకున్నవారికి భయం ఎక్కువగా కనిపించాయి. కోపగించిందనుకున్న బిడ్డనూ భయపడిందనుకున్న బిడ్డనూ మనం ఒకేలా ఎత్తుకోము, ఒకే మాటతో ఊరడించము. తన మనసులోని కలతకు పేరేమిటో బిడ్డ నేర్చుకునేది మన నోటి నుంచే కదా.

పుట్టుకతో ఏ తేడాలూ రావని నేను అనడం లేదు. అయితే 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ హైడ్ 46 మెటా విశ్లేషణలను (ఒకే అంశంపై జరిగిన అనేక పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కించే అధ్యయనాలను) కలిపి చూసినప్పుడు, స్త్రీ పురుషుల మధ్య కొలిచిన మానసిక భేదాలలో 78 శాతం స్వల్పంగానో శూన్యానికి దగ్గరగానో తేలాయి.

మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. కోపం ఆడవారికి తగదని వింటూ పెరిగిన దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా తరగతులలో పదిమందీ ఒకచోట చేరి తమ బతుకుల గురించి చదువుకొని మాట్లాడుకున్నాక, 1992లో సారా దుకాణానికి ఎదురు నిలిచారు. ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. ఆ కోపం వారిలో కొత్తగా పుట్టిందని నేననుకోను. దానిని బయటపెట్టినా గౌరవం పోని తావు దొరికింది.

తరగతిలో ఒక పని చేయించండి. విశేషణాలను తారుమారు చేసి ‘ఏడ్చే ఆడదాన్ని, నవ్వే మగవాణ్ణి నమ్మరాదు’ అని పలికించి, అది చెవికి ఎందుకు ఎబ్బెట్టుగా ఉందో పిల్లల చేతనే రాయించండి. మగపిల్లల జవాబులనూ ఆడపిల్లల జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివి, వారేమన్నారో ఇక్కడ తప్పక తెలియజేయండి.