దోమ అని వెతికితే మలేరియా వస్తోంది, ఫొటోలు పెడితే నయమా?

రైతులు తెలుగులో టైప్ చేస్తే ఇంగ్లిష్ వ్యవసాయ పత్రాల్లో వెతికిపెట్టే చిన్న యాప్ రాస్తున్నాను. "వరిలో దోమ" అంటే సుడిదోమ (వరి మొక్కల రసం పీల్చే పురుగు) కావాలి. అనువాదమేమో మనుషుల్ని కుట్టే దోమని పట్టుకుని మలేరియా దగ్గరికి పోతోంది. పత్తిలో తెల్లదోమదీ ఇదే గోల.

అందుకే ముందు రెండు మూడు ఫొటోలు చూపించి, రైతు నొక్కినదాని ఇంగ్లిష్ పేరుతోనే వెతకాలని ఆలోచన. ఉచిత ఫొటోలు దొరికే వికీమీడియా కామన్స్‌లో ఫొటోలకు కొదవలేదు. కానీ నాకు కనిపించినవి ఎక్కువగా పురుగుని భూతద్దంలో చూపించేవే! పొలంలో సుడిదోమ నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. దుబ్బుల మొదళ్లలో దాక్కుంటుంది. కనిపించేది సుడులుగా ఎండిన చేనే. మరి పురుగు ఫొటో పెట్టాలా, ఎండిన చేను ఫొటోనా? రెండూ పెడితే తికమకపడతారా? "మోతాదు" లాంటి బొమ్మకి లొంగని మాటలకి ఏం చేయాలి? ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.