అప్‌డేట్: కంటైనర్‌లో ఖాళీగా కనిపించిన షేర్డ్ ఫోల్డర్ సమస్య తీరింది

సర్వర్ రీబూట్ అయ్యాక ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లోని (నెట్‌వర్క్ మీద మరో యంత్రం నుంచి పంచుకునే ఫోల్డర్‌లోని) ఫొటోలు హోస్ట్‌లో (అసలు సర్వర్‌లో) కనిపిస్తున్నా, ఆ షేర్‌కు పేరెంట్ ఫోల్డర్‌ను బైండ్ చేసిన (లోపల కనిపించేలా కలిపిన) డాకర్ కంటైనర్‌లో (అప్లికేషన్‌ను విడిగా నడిపే వాతావరణంలో) మాత్రం ఎందుకు కనిపించడం లేదని అడిగాను. అనుమతుల లోపం కావచ్చని కొందరు సూచించారు. అయితే ఇక్కడ ‘పర్మిషన్ డినైడ్’ వంటి ఎర్రర్ ఏదీ రాలేదు.

మౌంట్ అయిన (సిస్టమ్‌లోని ఫోల్డర్‌కు జోడించిన) వాటిని చూపే ఫైండ్‌మౌంట్ (findmnt) కమాండ్ హోస్ట్‌లో షేర్‌ను చూపిస్తుండగా, కంటైనర్ లోపలి మౌంట్ల జాబితాలో దాని జాడే లేకపోవడంతో విషయం తేలింది. షేర్ మౌంట్ కాకముందే కంటైనర్ మొదలవుతోంది. బైండ్ మౌంట్లకు డాకర్ డిఫాల్ట్‌గా ‘ఆర్‌ప్రైవేట్’ పద్ధతిని పాటిస్తుంది కనుక, ఆ తర్వాత హోస్ట్‌లో జరిగే మౌంట్లేవీ లోపలికి చేరవు, షేర్ మౌంట్ అయ్యే చోట దాని కింద మరుగునపడిన ఖాళీ డైరెక్టరీయే కంటైనర్‌కు కనిపిస్తుంది.

ప్రాపగేషన్‌ను (మౌంట్లు కంటైనర్‌లోకి చేరే పద్ధతిని) హోస్ట్ మౌంట్లు లోపలికి చేరే ‘ఆర్‌స్లేవ్’గా మార్చి, డాకర్ సర్వీసు సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే వ్యవస్థ) సెట్టింగులలో, షేర్ మౌంట్ అయ్యాకే డాకర్ మొదలయ్యేలా ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ చేర్చాను. ఇప్పుడు రీబూట్ తర్వాత కూడా ఫొటోలన్నీ వస్తున్నాయి. బూట్ వరకైతే రెండోది చాలు గానీ, షేర్‌ను మధ్యలో తీసి మళ్లీ మౌంట్ చేసే సందర్భానికి మొదటిదీ ఉండాలి. ఇదే ఇబ్బంది ఉన్నవారు కంటైనర్‌ను ఆపి, షేర్‌ను అన్‌మౌంట్ చేసి, ఆ డైరెక్టరీని ఒకసారి చూడండి: షేర్ అనుకొని కంటైనర్ రాసిన థంబ్‌నెయిళ్లు నాకు అక్కడే, హోస్ట్ డిస్క్‌ను ఆక్రమిస్తూ దొరికాయి.